శ్రీలంకలో మన శాంతి సేన గురించి తలా ఒక మాట చెబుతున్నారు. ఎవరిది నమ్మాలి?

ప్రశ్న అడిగినవారు రాసింది క్లుప్తంగా ఇది. 1987-90 నాటి శ్రీలంక యుద్ధం మీద ఏదో చర్చ చూశారట. అందులో ఒక రిటైర్డ్ కల్నల్ "సైన్యం తన పని చేసింది, చెడగొట్టింది ఢిల్లీ" అన్నారు. ఒక ప్రొఫెసర్ అసలు వెళ్లడమే తప్పన్నారు. ఒక సీనియర్ పాత్రికేయుడు ఇద్దరినీ కొట్టిపారేశారు. వీళ్ల పెదనాన్నగారు కూడా ఆ సేనలో వెళ్లొచ్చారు కానీ, అడిగితే మాట దాటేస్తారట.

నా జవాబు ముందే చెప్పేస్తాను. హోదా చూసి ఎవరినీ నమ్మకండి. తనకో, తన వర్గానికో ఇబ్బంది కలిగించే సంగతి ఎవరైనా చెబితే అక్కడ ఆగి వినండి. మిగతాదంతా అబద్ధమని కాదు. ఇంకొకరు చెప్పినదానితో సరిచూసుకున్నాకే దాన్ని లెక్కలోకి తీసుకోండి.

ఈ యుద్ధం మీద నాకు ఆసక్తి మా మేనమామ వల్ల కలిగింది. ఆయన శాంతి సేనలో లారీ డ్రైవరు. మొదట దిగిన 54వ ఇన్‌ఫెంట్రీ డివిజన్ కదిలింది మన సికింద్రాబాద్ నుంచే. మావయ్య కూడా వాళ్లతోనే వెళ్లాడు.

కథ తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. 1983 జులైలో శ్రీలంక తమిళుల మీద జరిగిన అల్లర్ల తర్వాత తమిళ మిలిటెంట్లకు శిక్షణ ఇచ్చింది మన ప్రభుత్వమే. 1987 జూన్ 4న శ్రీలంక వద్దంటున్నా, ఉత్తరాన తమిళులుండే జాఫ్నా మీద విమానాల్లోంచి ఆహారం జారవిడిచిందీ మనమే. జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. మిలిటెంట్ల చేత ఆయుధాలు అప్పగింపజేయడానికి మన సేన వెళ్లింది. అక్టోబరు 10 నాటికి, ఒకప్పుడు మనం తర్ఫీదు ఇచ్చిన ఎల్‌టీటీఈతోనే, అంటే పులులని పిలిచే తమిళ మిలిటెంట్ సంస్థతోనే, యుద్ధం మొదలైంది. దాని పేరే ఆపరేషన్ పవన్. 1990 మార్చి 24న చివరి దళం వెనక్కి వచ్చేసరికి సుమారు 1200 మంది మన సైనికులు పోయారు. అక్కడి పౌరులు ఎంతమంది పోయారో ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు.

ఇక పెద్దల పుస్తకాలు. అప్పట్లో శ్రీలంకలో మన హైకమిషనర్, అంటే రాయబారి, జె.ఎన్. దీక్షిత్ 1998లో తన వైపు కథ రాశారు. మొత్తం సేనకు అధిపతి అయిన లెఫ్టినెంట్ జనరల్ దీపిందర్ సింగ్ అంతకు ముందే రాశారు. 54వ డివిజన్ కమాండర్ మేజర్ జనరల్ హర్‌కీరత్ సింగ్ పుస్తకం 2007లో వచ్చింది. ఇవి చదువుతుంటే ఒక గదిలో పెద్దవాళ్లు పోట్లాడుకుంటుంటే మనం గుమ్మం దగ్గర నిలబడి విన్నట్టుంటుంది. ఆదేశం ఎవరిది, తప్పు ఎవరిది అన్నదాని చుట్టూనే చాలావరకు తిరుగుతాయి.

హర్‌కీరత్ చెప్పినదాంట్లో అందరూ ఎత్తి చూపించే ఘట్టం ఒకటుంది. 1987 సెప్టెంబరు మధ్యలో ఎల్‌టీటీఈ నాయకుడు ప్రభాకరన్ చర్చలకు రావాల్సి ఉండగా దీక్షిత్ ఫోన్ చేసి, అతన్ని అరెస్టు చేయమని, లేదా కాల్చేయమని చెప్పారట. తెల్లజెండా కింద మాట్లాడటానికి వచ్చినవాణ్ణి సైన్యం చంపదని తాను తిరస్కరించానని హర్‌కీరత్ రాశారు. ఇది నిజమే కావచ్చు. కాకపోతే పుస్తకం వచ్చింది 2007లో. దీక్షిత్ 2005 జనవరిలోనే పోయారు. జవాబు చెప్పాల్సిన మనిషి లేడు. చెప్పిన మనిషికి ఆ మాటతో గౌరవమే తప్ప నష్టం లేదు. కాబట్టి నేను దీన్ని "ఆయన వాదన" అనే పేరు కిందే ఉంచుకుంటాను. టీవీల్లో దీన్నే రుజువైన చరిత్రలాగా చెబుతుంటే మాత్రం చిరాకేస్తుంది.

అదే జాఫ్నా విశ్వవిద్యాలయం సంగతి తీసుకోండి. అక్టోబరు 11 అర్ధరాత్రి ఎల్‌టీటీఈ నాయకత్వాన్ని పట్టుకుందామని హెలికాప్టర్లలో కమాండోలను, 13వ సిఖ్ లైట్ ఇన్‌ఫెంట్రీ జవాన్లను దింపారు. అవతలివాళ్లు ముందే కాచుకుని ఉన్నారు. సిఖ్ జవాన్లు 30 మంది దిగితే 29 మంది చనిపోయారు, ఒక్కడు బందీగా దొరికాడు. నిఘా సమాచారం సరిగ్గా లేదని, ఏకే-47ల ముందు మన ఎస్‌ఎల్‌ఆర్ తుపాకులు ఆగలేదని సైన్యంలోవాళ్లే చెప్పారు. తమ సంస్థ వైఫల్యాన్ని తామే ఒప్పుకుంటున్నారు కాబట్టి దీన్ని తీసుకోవడానికి నాకు సందేహం లేదు.

ఆ రాత్రి గురించే మా మావయ్య చిన్నప్పటి నుంచీ మాకొక కథ చెప్పేవాడు. జాఫ్నా దగ్గరి పాలాలి విమానాశ్రయంలో తన లారీ పక్కన నిలబడి హెలికాప్టర్లు లేవడం చూశానని, తెల్లారేసరికి అవి తూట్లు పడి వచ్చాయని. వింటుంటే ఒళ్లు జలదరించేది. అమ్మమ్మ పోయాక ఆవిడ ట్రంకుపెట్టెలో మావయ్య ఉత్తరాలు దొరికాయి. ఏపీఓ (సైనిక తపాలా) చిరునామాతో వచ్చిన ఇన్‌లాండ్ లెటర్లు. ఊరి పేర్లు రాయకూడదు కాబట్టి ఎక్కడున్నాడో ఎక్కడా లేదు. కానీ అక్టోబరు రెండో వారం తేదీ ఉన్న ఉత్తరంలో "కొండ మీద శివుడి గుడి ఉంది, కింద సముద్రమే, నీ పేరున దండం పెట్టుకున్నా" అని ఉంది. అది కోణేశ్వరం. తూర్పు తీరాన త్రింకోమలిలో ఉంటుంది, పాలాలికి ఎంతో దూరం. అంటే ఆ రాత్రి ఆయన జాఫ్నా దరిదాపుల్లో లేడు.

మావయ్య అబద్ధాలకోరు కాదు. తర్వాత జాఫ్నాకు వెళ్లాడు, అక్కడ తోటివాళ్లతో నెలల తరబడి ఉన్నాడు, వాళ్లు చెప్పింది విన్నాడు. చెప్పినవాళ్లలో కొందరు తిరిగి రాలేదు. వాళ్లు చూసింది మెల్లగా తాను చూసిందైపోయింది. ఉత్తరం చూపిస్తే చాలాసేపు చదివి, "అయితే అక్కడే ఉన్నానేమోరా" అన్నాడు, అంతే. మాజీ సైనికుల మాటను "కళ్లారా చూసినవాళ్లు" అనే ఒక్క కారణంతో తలకెత్తుకునేవాళ్లకు ఈ సంగతి చెబుతుంటాను. కాగితం ఉంటే కాగితం చూడాలి.

అలాగని జవాను మాటకు విలువ లేదా అంటే, జనరల్స్ దగ్గర దొరకనిది అక్కడే దొరికింది నాకు. ఒకసారి మావయ్యను ఇలాంటి చర్చా సభకే తీసుకెళ్లాను. వేదిక మీదున్న మాజీ అధికారి ఒకాయన, ప్రజలు చివరిదాకా మన పక్షానే ఉన్నారు, పులులకు భయపడి బయటపడలేదంతే అన్నాడు. మావయ్య లేచాడు. "ఆగస్టులో దండలు వేశారు సార్, కాదన్ను. అక్టోబరు తర్వాత నీళ్లడిగితే తలుపులేసుకున్నారు. వేసుకున్నది పులులు కాదు సార్, ముసలమ్మలు." ఆయన ఏదో సర్దిచెప్పబోతే మావయ్య ఊరుకోలేదు. ఒక కల్వర్టు కింద మందుపాతర పేలి ముందు బండిలో ఇద్దరు పోయారని, పక్క ఇళ్లలోని మగవాళ్లను బయటికి లాగి కొట్టారని, తాను ఆపలేదని, తానూ ఒకణ్ణి కొట్టానని అందరి ముందూ చెప్పాడు. దీనివల్ల ఆయనకు ఒరిగేదేమీ లేదు, పక్కన కూర్చున్న పాత సహచరులు ఆ తర్వాత చాన్నాళ్లు మాట్లాడటం మానేశారు కూడా. హెలికాప్టర్ల కథ కంటే ఈ మాటను నేను వెయ్యి రెట్లు నమ్ముతాను.

పండితుల విషయానికొస్తే, ఒప్పందం మంచిదా చెడ్డదా, ఢిల్లీ వ్యూహమేమిటి అని ఏళ్ల తర్వాత లైబ్రరీలో కూర్చుని రాసినవి బోలెడున్నాయి. ఉపయోగమే. కానీ ఈ యుద్ధానికి సంబంధించి నేను అందరికంటే ముందు పెట్టేది రజనీ తిరణగమను. జాఫ్నా విశ్వవిద్యాలయంలో అనాటమీ విభాగాధిపతి. ఒకప్పుడు గాయపడ్డ ఎల్‌టీటీఈ కుర్రాళ్లకు వైద్యం చేసిన మనిషి. మరో ముగ్గురు సహోద్యోగులతో కలిసి, యుద్ధం నడుస్తుండగానే, జాఫ్నాలో ఉండే, జనం వాంగ్మూలాలు సేకరించి పుస్తకం రాసింది.

1987 అక్టోబరు 21న, దీపావళి రోజు, మన సైనికులు జాఫ్నా ఆసుపత్రిలోకి చొరబడ్డారు. మరుసటి రోజుకి రోగులు, డాక్టర్లు, నర్సులు కలిపి అరవై మందికి పైగా చనిపోయారు. లోపలి నుంచి కాల్పులు జరిగాయని సైన్యం చెబుతూ వచ్చింది. రజనీ బృందం మన సైన్యం చేసిన చావులను ఒక్కొక్కటిగా నమోదు చేసింది. అదే చేత్తో, అంతకు ముందు పులులు ఆసుపత్రి ఆవరణలోకి వచ్చారని, వైద్యులు వాళ్లను వెళ్లిపొమ్మని బతిమాలారని కూడా రాసింది. ఎల్‌టీటీఈ తుపాకులు తిరుగుతున్న చోట ఉండి ఆ రెండో ముక్క రాయడం ఎంత ప్రమాదమో ఊహించండి. 1989 సెప్టెంబరు 21న కాలేజీ నుంచి సైకిలు మీద వస్తుంటే ఇంటి దగ్గరే ఆమెను కాల్చి చంపారు. అది ఎల్‌టీటీఈ పనేనని ఆమె కుటుంబం, సహచరులు చెబుతూ వచ్చారు. ఆమెకు అప్పటికి 35 ఏళ్లు.

పాత్రికేయుల గురించి చెప్పేటప్పుడు వాళ్లు లోపలికి ఎలా వెళ్లారన్నది చూడాలి. తమిళనాడు తీరం నుంచి పడవలో పులులతో వెళ్లినవాళ్లు ఒక యుద్ధం చూశారు. సైన్యం హెలికాప్టర్‌లో వెళ్లినవాళ్లు ఇంకో యుద్ధం చూశారు. జాఫ్నాలో ఉన్న స్థానిక పత్రికల మాటేమిటంటే, యుద్ధం మొదలైన రోజే ఈళమురసు, మురసొలి అనే రెండు తమిళ పత్రికల ముద్రణాలయాలను మన సైన్యం పేల్చేసింది. 1989 ఆగస్టు 2న జాఫ్నా ద్వీపకల్పంలోని వల్వెట్టితురై ఊళ్లో పులుల దాడిలో ఆరుగురు జవాన్లు పోయాక, యాభై మందికి పైగా పౌరులు సైన్యం చేతిలో చనిపోయారు. ఎదురుకాల్పుల్లో పోయారన్నది మొదటి ప్రకటన. అసలు కథ పత్రికల్లో రావడానికి రోజులు పట్టింది. వచ్చింది కూడా ఎవరో ఒకరు ఊరిదాకా వెళ్లి ఇల్లిల్లూ తిరిగినందువల్లే.

ఇంకొకటి, ఆ మాట ఎప్పుడు చెప్పారన్నదీ చూసుకోండి. 1990 మార్చిలో సేన మద్రాసులో దిగినప్పుడు ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి వెళ్లలేదు. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ హత్య జరిగాక ఎల్‌టీటీఈ మీద సానుభూతి మాట ఎత్తేవాళ్లే తగ్గారు. 2009 మేలో ఎల్‌టీటీఈ అంతమయ్యాక "మేం అప్పుడే చెప్పాం" అనేవాళ్లు ఎక్కువయ్యారు. ఒకే మనిషి ఇంటర్వ్యూలు ఈ మూడు కాలాలవీ దొరికితే పక్కపక్కన పెట్టి చదవండి, తమాషాగా ఉంటుంది. ఆ సేనను వెళ్లిపొమ్మని పట్టుబట్టి, అందుకోసం ఎల్‌టీటీఈకి ఆయుధాలు కూడా ఇప్పించింది జయవర్ధనే తర్వాత శ్రీలంక అధ్యక్షుడైన ప్రేమదాస. తర్వాత మన జవాన్ల పేర్లతో కొలంబో శివార్లలో స్మారకం కట్టింది కూడా శ్రీలంకే. మన దగ్గర మాజీ సైనికులు ఏళ్ల తరబడి తమంతట తామే నివాళి సభలు జరుపుకున్నారు.

కల్నల్ గారి "సైన్యం తన పని చేసింది" సంగతి: రెండు మూడు వారాల్లో జాఫ్నా పట్టణం చేతికొచ్చింది, అది నిజం. ఎల్‌టీటీఈ అడవుల్లోకి వెళ్లి రెండేళ్లకు పైగా పోరాడింది, మన సేన వచ్చేయగానే ఆ పట్టణం మళ్లీ వాళ్లదే అయింది. దాన్ని గెలుపు అనడం నాకు చేతకాదు.

మీ పెదనాన్నగారిని మాత్రం "అక్కడ ఏం జరిగింది" అని అడగకండి. అది అధికారులు అడిగే ప్రశ్నలా ఉంటుంది, నోరు మూసుకుపోతుంది. ఏ బండి నడిపేవారు, తిండి ఎక్కడి నుంచి వచ్చేది, రాత్రి డ్యూటీలో పక్కన ఎవరుండేవారు, జ్వరం వస్తే ఏం చేసేవారు, ఇలాంటివి అడగండి. ముందుగా ఆయన డిశ్చార్జ్ బుక్, ఇంట్లో పాత ఉత్తరాలు ఉన్నాయేమో వెతికి తేదీలు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆయన చెప్పేది దానితో పొసగకపోతే అక్కడికక్కడే పట్టుకోవద్దు, వినండి. ఫోన్‌లో రికార్డు చేసేట్టయితే ఆయనకు చెప్పి చేయండి. మా మావయ్య అయితే రికార్డింగ్ ఆపమన్నాకే కల్వర్టు సంగతి మొదటిసారి నాకు చెప్పాడు.