విశాఖ టూరుకు ముందు నాన్నగారి మాత్రలు ఒకసారి చూడండి

ప్రశ్న: మాది కరీంనగర్. మే నెలలో కుటుంబంతో విశాఖ వస్తున్నాం. బీచ్‌లు చూసి, ఒక రోజు కారులో అరకు వెళ్లాలని ప్లాన్. పాపకు ఆరేళ్లు, ఘాట్ రోడ్డులో వాంతులు చేసుకుంటుంది. నాన్నగారికి 68 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నా కంట్రోల్‌లోనే ఉన్నాయి. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో ఇచ్చిన మాత్ర వేసుకుంటారు. 44 డిగ్రీల ఎండకు అలవాటు పడ్డవాళ్లం కాబట్టి విశాఖ ఎండ ఇబ్బంది కాదనుకుంటున్నాం. పాపకు ఏ సన్‌స్క్రీన్ మంచిది? వాంతులకు ఏ మందు ఇవ్వాలి? ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్స్ తెచ్చుకోమంటారా?

జవాబు: పాప గురించి తర్వాత చెబుతాను. మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన ఆ మోకాళ్ల మాత్రే నన్ను ఎక్కువ టెన్షన్ పెడుతోంది.

దాని పేరు మీరు రాయలేదు. షాపులో కత్తిరించి ఇచ్చే స్ట్రిప్ ముక్క మీద చాలాసార్లు పేరు కూడా మిగలదు. అలా ఇచ్చేవాటిలో డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివే ఎక్కువ. ఇప్పుడు బీపీ మాత్రల స్ట్రిప్ వెనక్కి తిప్పి చదవండి. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్ లాంటి పేరు ఉందా? దాంతోపాటు హైడ్రోక్లోరోథయజైడ్ అనో, క్లోర్‌థాలిడోన్ అనో ఉంటే ఒంట్లోని నీటిని, ఉప్పును మూత్రంలో పంపే మందు కూడా అందులో కలిసి ఉన్నట్టే. చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలు తమ రక్తప్రసరణను కాపాడుకోవడానికి కొన్ని సర్దుబాట్లు చేసుకుంటాయి. నొప్పి మాత్ర ఒకవైపు, బీపీ మందు మరోవైపు ఆ సర్దుబాట్లకు అడ్డుపడతాయి. ఇంట్లో ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కదా అనుకోకండి. ఎండలో తిరిగే రెండు మూడు రోజుల్లోనే ఈ మందులన్నీ కలిసి కిడ్నీలను దెబ్బతీయగలవు.

ఇలాగని బీపీ మాత్ర మీ అంతట మీరు ఆపేయొద్దు, అది ఇంకో ప్రమాదం. మానాల్సింది డాక్టర్ రాయని నొప్పి మాత్ర. నొప్పికి చాలామందికి పారాసిటమాల్ సరిపోతుంది. లివర్ సమస్య ఉన్నా, మద్యం అలవాటున్నా అది కూడా అడిగే వాడాలి. బయల్దేరే ముందు మందులన్నీ ఒక కవర్‌లో వేసుకుని ఆయన్ను రెగ్యులర్‌గా చూసే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి. "కంట్రోల్‌లోనే ఉన్నాయి" అని రాశారు, కానీ కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, సీరం క్రియాటినిన్, చివరిసారి ఎప్పుడు చూశారో రాయలేదు. ఆ పరీక్ష చేయించండి. నిలబడినప్పుడు బీపీ పడిపోతోందేమో కూడా చూడమనండి. టూరులో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఏ మాత్ర ఆపాలో, ఏది కొనసాగించాలో ఆ డాక్టర్ చేతే కాగితం మీద రాయించుకోండి. మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు వాడుతుంటే ఇది మరీ ముఖ్యం. మనిషిని, రిపోర్టులను చూడకుండా మందులు మార్చమని నేను చెప్పలేను.

ఇక 44 డిగ్రీల ధీమా వదిలేయండి. ఇక్కడ ఉష్ణోగ్రత తక్కువగా కనిపించినా గాలిలో తేమ ఎక్కువ. చెమట కారుతుందే కానీ ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడేది. పదకొండు నుంచి నాలుగు వరకు పెద్దాయన్ను గదిలోనే ఉండనివ్వండి. మూత్రం తగ్గినా, ముదురు పసుపు రంగులో వస్తున్నా, లేవగానే కళ్లు తిరుగుతున్నా ఆ రోజు షికార్లు మానేసి డాక్టర్‌కు చూపించండి. మాట తడబడినా, మగతగా ఉన్నా ఒంటిని తడిపి గాలి తగిలేలా చూస్తూ వెంటనే 108కి ఫోన్ చేయండి. ఇన్సులిన్ వాడుతుంటే ఆగి ఉన్న కారులో వదలొద్దు, ఐస్‌కు నేరుగా తగలనివ్వొద్దు. షుగర్ ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి ఉండొచ్చు. మధ్యాహ్నపు ఇసుకకు అరికాళ్లు కాలి బొబ్బలెక్కినా తెలియదు. చెప్పులు విప్పనివ్వకండి.

పాపకు ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న ఏ సన్‌స్క్రీన్ అయినా ఫర్వాలేదు. రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చాక మళ్లీ రాయాలి. అరకు ఘాట్ ఎక్కేముందు కడుపు నిండా పెట్టకండి, ఫోన్ చేతికివ్వకండి. వాంతుల మందు పిల్లల డాక్టర్ బరువు చూసి రాయాలి. అదే సీసా పెద్దాయనకు పోయకండి. వాటిలో కొన్ని ఈ వయసులో మగత తెస్తాయి, మూత్రం బిగబట్టేలా చేస్తాయి.

యాంటీబయాటిక్స్ వద్దు. విరేచనాలకు ముందుగా కావలసింది ఓఆర్ఎస్. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపాలి. రక్తం పడినా, జ్వరం వచ్చినా డాక్టర్‌కు చూపించాలి. టెట్రా ప్యాక్‌లో దొరికే తీపి డ్రింకులు ఓఆర్ఎస్‌కు బదులు కావు.

మరొక్క మాట, మీరు అడగలేదు. ఆర్కే బీచ్‌లో కెరటం వెనక్కి లాగే బలం పైకి కనిపించదు. పాప చెయ్యి వదలకండి. స్నానం చేయాలనుకుంటే లైఫ్‌గార్డులు ఉన్నచోటే, వాళ్లు చెప్పిన హద్దు లోపలే దిగండి.