ఉపకులపతిగా పనిచేసిన తాతగారి కాగితాల్లో ఏవి ఉంచాలి, ఎవరికి ఇవ్వాలి?

కావలిలోని పాత ఇల్లు అమ్ముతున్నామని, ఒక విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన మీ తాతగారి కాగితాలు అటక మీద ట్రంకు పెట్టెల్లో ఉన్నాయని రాశారు. ముఖ్యమైనవి ఏరుకుని మిగతావి పాత కాగితాలవాళ్లకు ఇచ్చేద్దామని ఇంట్లో అంటున్నారట. దయచేసి ఆ ఏరే పని ఇప్పుడే మొదలుపెట్టకండి.

మా మామగారు నెల్లూరులో అధ్యాపకుడిగా మొదలై, ప్రిన్సిపాల్ అయి, చివరికి ఉపకులపతిగా పదవీ విరమణ చేశారు. ఆయన పోయాక ఆ కాగితాలన్నీ సర్దింది నేనే. ఇంట్లో అందరూ ముందుగా తీసి దాచినవి సన్మాన పత్రాలు, శాలువా కప్పుతున్న ఫొటోలు, నియామక ఉత్తర్వు. నా దృష్టిలో వాటి విలువ అన్నిటికన్నా తక్కువ. నియామక ఉత్తర్వు నకలు విశ్వవిద్యాలయంలోనూ ఉంటుంది, ప్రభుత్వం దగ్గరా ఉంటుంది. ఎక్కడా రెండో ప్రతి దొరకనివి చిత్తు ప్రతులు, జేబు డైరీలు, అంచుల్లో పెన్సిలుతో రాసుకున్న మాటలు, ఇంటి ఖర్చుల పుస్తకాలు. తూకానికి ముందుగా వెళ్లిపోయేవీ అవే.

ఒక ఉదాహరణ చెబుతాను. 1972-73 జై ఆంధ్ర ఉద్యమంలో కళాశాలలు మూతబడిన రోజుల్లో మామగారు ప్రిన్సిపాల్. పరీక్షల వాయిదా మీద కళాశాల పెట్టిన నోటీసు రెండు వాక్యాలే. దానికి ఆయన రాసుకున్న చిత్తు మాత్రం పేజీన్నర ఉంది. విద్యార్థులను తప్పుపట్టే వాక్యం ఒకటి రాశారు, కొట్టేశారు, మెత్తగా మార్చి రాశారు, చివరికి పూర్తిగా తీసేశారు. అదే వారం జేబు డైరీలో ఎవరెవరి తల్లిదండ్రులు ఇంటికొచ్చి కూర్చున్నారో, ఏ హాస్టల్ పిల్లవాడు ఊరు చేరలేదని కబురు వచ్చిందో ఉంది. ఈ మూడూ ఒకే అట్టలో ఉండబట్టి ఆ వాక్యం ఎందుకు పోయిందో నాకు అర్థమైంది. నోటీసును ఆఫీసు కాగితమని ఒక పక్కకు, డైరీని సొంత వస్తువని ఇంకో పక్కకు నెట్టి ఉంటే ఆ సంగతి ఇక ఎవరికీ తెలిసేది కాదు.

అందుకే పత్ర భాండాగారాల్లో పనిచేసేవారు కాగితాలు ఎవరివో ఆయన పెట్టుకున్న వరుసను చెదరనివ్వరు. తేదీల ప్రకారం మార్చి పేర్చాలని మనకు చేతులు దురద పెడతాయి, ఆగాలి. పెట్టె మూత తీయగానే ఉన్నది ఉన్నట్టు ఫోనుతో ఫొటో తీయండి. ప్రతి కట్టకూ పెన్సిలుతో ఒక సంఖ్య వేసి, అది ఏ పెట్టెలో ఎక్కడ ఉందో ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. పెన్ను వాడవద్దు.

విశ్వవిద్యాలయ చరిత్రలో సగం ఇలాంటి కాగితాల్లోనే ఉంటుంది. కట్టమంచి రామలింగారెడ్డి గారు 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయ్యారు. బ్రిటిష్ ప్రభుత్వ అణచివేతకు నిరసనగా రాజీనామా చేశారు. మన నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి ఇంటిపేరుగా ఉన్న రాధాకృష్ణన్ గారు 1931 నుంచి 1936 దాకా ఆ పదవిలో ఉన్నారు. ఆ తర్వాత రెడ్డిగారు మళ్లీ వచ్చి 1949 వరకు కొనసాగారు. ఈ తేదీలు ఏ కార్యాలయ రికార్డులోనైనా దొరుకుతాయి. ఒక మనిషి రాజీనామాకు ముందు ఎవరిని సలహా అడిగాడో, ఎంత తటపటాయించాడో తెలియాలంటే ఉత్తరాలే దిక్కు.

ఇక హక్కుల సంగతి. నోట్ షీట్లతో, అంటే అధికారులు తమ అభిప్రాయాలు రాసి సంతకం చేసే కాగితాలతో, ఉన్న అసలు ఫైలు ఏదైనా ఇంట్లో కనిపిస్తే అది విశ్వవిద్యాలయానిది. ఫొటో తీసుకుని, రసీదు తీసుకుని తిరిగి ఇచ్చేయండి. డీఓ లేఖల (ఒక అధికారి మరో అధికారికి పేరు పెట్టి రాసే అర్ధ అధికారిక ఉత్తరాల) నకళ్లు ఆఫీసువీ, సొంతవీ రెండూ అనిపిస్తాయి. వాటిని విడిగా తీయకుండా నోటు పుస్తకంలో గుర్తు పెట్టుకుంటే చాలు. తాతగారికి ఇతరులు రాసిన ఉత్తరం కాగితంగా మీదే, కానీ అందులోని రాతపై హక్కు రాసినవారిది. వారు చనిపోయాక కూడా కనీసం 60 ఏళ్లు ఆ హక్కు వారి వారసులకు ఉంటుంది. కాబట్టి ముఖపుస్తకంలో పెట్టేముందు ఆలోచించండి. అధ్యాపకుల ఎంపిక సంఘాల కాగితాలు, విద్యార్థుల మీద విచారణలు ఉంటే అవి బతికున్న మనుషుల పరువుకు సంబంధించినవి. ఇన్నేళ్లదాకా తెరవకూడదని షరతు పెట్టి ఇవ్వవచ్చు.

తుప్పు పట్టిన గుండుసూదులు మెల్లగా తీసి, ఆ కాగితాలను ఒక తెల్ల కాగితం మడతలో కలిపి ఉంచండి. రబ్బరు బ్యాండ్ల బదులు నూలు నాడా కట్టండి. లామినేషన్, సెల్లో టేపు అసలు వద్దు. పాత ఫ్యాక్స్ కాగితాల మీద అక్షరాలు వెలిసిపోతాయి గనుక వాటిని ముందు స్కాన్ చేయించండి, 300 డీపీఐ సరిపోతుంది.

ఎవరికి ఇవ్వాలన్నదానికి, ముందు ఆయన పనిచేసిన విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని అడగండి. మేము అలాగే ఇచ్చాం. అంతకుముందు ఒక సంస్థవాళ్లు పుస్తకాలు, ఫొటోలు మాత్రం చాలన్నారు, వారికి ఇవ్వలేదు. జాతీయ స్థాయి వ్యవహారాలు ఉంటే ఢిల్లీ తీన్‌మూర్తిలోని ప్రధానమంత్రుల సంగ్రహాలయం, సోనీపత్‌లోని అశోకా విశ్వవిద్యాలయం ఇలాంటి వ్యక్తిగత పత్రాలను సేకరిస్తాయి. పాత పత్రికల సంచికలు విడిగా ఉంటే 1918లో మొదలైన వేటపాలెం గ్రంథాలయం సారస్వత నికేతనాన్ని అడగండి. 2022 దాకా ప్రకాశం జిల్లాలో ఉన్న ఆ ఊరు ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది, కావలి నుంచి రైల్లో వెళ్లవచ్చు. ఎవరికిచ్చినా దానపత్రం రాయించుకోండి. అందులో కట్టల జాబితా, తెరవకూడని కాలం, కుటుంబానికి నకళ్లు తీసుకునే హక్కు ఉండాలి.

ఇంటి రిజిస్ట్రేషన్ లోపు ఇదంతా తేలకపోతే తొందరపడకండి. పెట్టెలను అలాగే బంధువుల ఇంటికి మార్చండి. నెల్లూరులోనైతే మేడ మీది గదిలోనే పెట్టండి. 2021 నవంబరులో పెన్నా వరద లోతట్టు కాలనీల ఇళ్లలోకి వచ్చిందని మరిచిపోవద్దు. కాగితం తడిసిందంటే ఎండలో వేయకుండా నీడలో, ఫ్యాను గాలికి ఆరబెట్టాలి.