పిల్లాడు ప్రమాదంలో పడితే తల్లిని తిట్టొచ్చా?

చిన్నపిల్లలు బోరుబావిలో పడ్డారనో, నడిరోడ్డు మీదికి వచ్చేశారనో వార్త చూసిన ప్రతిసారీ ‘వీళ్ళ అమ్మానాన్నలు ఏం చేస్తున్నట్టు?’ అనిపిస్తుందని, అలా అనిపించడం తప్పా అని మీరు అడిగారు. అనిపించడంలో తప్పేముందండీ, పిల్లల్ని పెంచిన ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది, ఆ భయంలో ముందు ఆ మాటే వస్తుంది. ఇబ్బంది ఎక్కడంటే, ప్రశ్న అడుగుతాం గానీ జవాబు వినడానికి ఆగం. ఆగి, అప్పుడు తల్లి ఎక్కడుంది, తండ్రి ఎక్కడున్నాడు, ఆ మూత ఎవరు తీశారు అని ఒక్కొక్కటే కనుక్కుంటే తిట్టడానికి మిగిలేది చాలా తక్కువ. మిగిలినచోట గట్టిగానే తిట్టొచ్చు, దాని గురించీ చెప్తాను. ముందు మా అపార్ట్‌మెంట్‌లో జరిగింది వినండి.

మాది హైదరాబాద్‌లో ఐదంతస్తుల పాత బిల్డింగ్. సెల్లార్‌లో ఒక గది, అందులో వాచ్‌మన్ కుటుంబం. పాలమూరు వైపు నుంచి వచ్చారు. పెద్దమ్మాయి బడికి పోతుంది, చిన్నోడికి అప్పటికి రెండున్నరేళ్ళు. జీతం పేరుకి వాచ్‌మన్‌కే, చాకిరీ మాత్రం ఇద్దరిదీ. మెట్లు కడగడం, చెత్త దింపడం, మోటార్ వేయడం కాక ఆమె నాలుగైదు ఫ్లాట్లలో అంట్లు తోమి ఇల్లు తుడిచేది. అలా చేస్తేనే నెల గడిచేది.

ఆ వేసవిలో మా బోరు ఎండిపోయింది. ఇక రోజూ ట్యాంకర్లే. ట్యాంకర్ వస్తే ఏం జరుగుతుందో హైదరాబాద్ వాళ్ళకి చెప్పక్కర్లేదు. పార్కింగ్‌లో సంపు మీది ఇనపరేకు మూత పక్కకి లాగుతారు, పైపు లోపలికి వదులుతారు, డ్రైవర్ నీడలో కూర్చుని ఫోన్ చూసుకుంటాడు. మా సంపు మూతకి బందులు ఎప్పుడో ఊడిపోయాయి. ఎత్తి పక్కన పెట్టడమే. బాగుచేయించాలని అసోసియేషన్ మీటింగుల్లో అప్పుడప్పుడూ మాట వచ్చేది. బిల్డింగ్‌కి ఏ రంగు వేయాలన్న గొడవలో అది కొట్టుకుపోయేది.

ఆ రోజు పొద్దున మూడో అంతస్తు వాళ్ళకి చుట్టాలొస్తున్నారట, ఆమెని తొందరగా రమ్మన్నారు. భర్తని మా సెక్రటరీ గారు మోటార్ మెకానిక్‌ని పిలుచుకు రమ్మని పంపారు. ఆమె కొడుకుని గది గడప మీద కూర్చోబెట్టి, చేతిలో బిస్కెట్ ప్యాకెట్ పెట్టి పైకెళ్ళింది. పిల్లాడిని వెంట తీసుకెళ్ళొచ్చు కదా అంటారేమో. తీసుకెళ్ళేది. వాడు సోఫాకి చేతులు తుడిచాడని, ఇకమీదట తీసుకురావద్దని ఆ ఇంటావిడే చెప్పారు.

ట్యాంకర్ వచ్చింది. ఆ వయసు పిల్లలు నీళ్ళ చప్పుడు వింటే ఆగుతారా? నేను బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నాను, కింద ఎవరో కెవ్వున అరిచారు. చూసేసరికే ట్యాంకర్‌తో వచ్చిన క్లీనర్ కుర్రాడు సంపులోకి దూకేశాడు. అప్పుడే నింపడం మొదలైంది కాబట్టి నీళ్ళు అతనికి నడుము దాకా కూడా లేవు. గేటు దగ్గర ఇస్త్రీ బండి ఆయన పరిగెత్తుకొచ్చి పిల్లాడిని పైకి అందుకున్నాడు. నుదురు చీరుకుపోయింది, నీళ్ళు మింగాడు, దగ్గాడు, ఆ తర్వాత ఏడుపు అందుకున్నాడు. ఆ ఏడుపు వింటే గానీ మాకు ప్రాణాలు లేచి రాలేదు. ఆసుపత్రిలో ఒక రాత్రి ఉంచుకుని పంపించారు.

పిల్లాడు ఇంకా ఆసుపత్రిలో ఉండగానే మా వాట్సాప్ గ్రూపు మొదలెట్టింది. “చూసుకోలేనప్పుడు కనడం ఎందుకో.” “వీళ్ళకి పిల్లలంటే లెక్కే ఉండదు.” “ఏమైనా అయ్యుంటే పోలీసు కేసు మన మెడకి చుట్టుకునేది, వాచ్‌మన్‌ని మార్చేద్దాం.” దాని కింద దండాల బొమ్మలు. మూత మాట ఒక్కరూ ఎత్తలేదు. తండ్రి ఎక్కడున్నాడనీ అడగలేదు. అతను మన పని మీదే బయటికెళ్ళాడు కాబట్టి అడగలేదు అనుకుందామంటే, ఆమె కూడా మన పని మీదే కదా పైకెళ్ళింది.

మర్నాడు కలిసినప్పుడు నేనేమీ అడక్కుండానే చెప్పుకుంది: “గడప మీద కూసోబెట్టి పోయిన మేడం. బిస్కెట్లు అయిపోయేదాంక లేవడు వాడు. గంతల్నే వస్త గదా అనుకున్న. ఆల్లేమో బాత్రూం గూడ కడిగి పొమ్మన్నరు.” ఆమె లెక్కలో పొరపాటు ఎక్కడుందో నాకైతే కనబడలేదు. స్నానానికెళ్ళేటప్పుడు పిల్లల ముందు టీవీ పెట్టే తల్లులందరి లెక్కా అదే. మామూలు రోజున అది సరిపోతుంది. ఆ పూట మూత తీసి ఉందని మూడో అంతస్తులో ఉన్న మనిషికి ఎలా తెలుస్తుంది?

అంతకుముందు సంగతి ఇంకొకటి ఉంది. నాలుగో అంతస్తు వాళ్ళ మూడేళ్ళ బాబు తనంతట తాను తలుపు తీసుకుని, లిఫ్ట్ ఎక్కి దిగి, గేటు దాటి, మెయిన్ రోడ్డు మీది బేకరీ దాకా వెళ్ళిపోయాడు. తల్లి ఆఫీసు కాల్‌లో ఉంది, నానమ్మ పూజలో ఉన్నారు. బేకరీ అతను గుర్తుపట్టి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. అప్పుడు ఇదే గ్రూపులో నవ్వు బొమ్మలు. “చిచ్చరపిడుగు!” “ఎగ్ పఫ్ కావాల్సొచ్చిందేమో సార్‌కి.” సిటీ బస్సులు తిరిగే రోడ్డు సంపు కన్నా తక్కువ అపాయమేమీ కాదు. ఆ తల్లిని ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే సబబు, ఆవిడ చేసిన నేరమేముంది? ఆ పాటి మర్యాద సెల్లార్ దాకా దిగలేదన్నదే నా బాధ.

ఇది మా బిల్డింగ్ గొప్పతనమే అనుకున్నాను. తర్వాత తెలిసింది, దీని మీద పరిశోధనే జరిగిందని. 2016లో అమెరికాలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ ఇర్వైన్ క్యాంపస్ వాళ్ళు జనానికి చిన్న చిన్న కథలు చదివించారు. ఒక పిల్లో పిల్లాడో కాసేపు ఒంటరిగా ఉండిపోయారు, ఆ పిల్లకి ఎంత అపాయం ఉందో పదికి మార్కులు వేయండి అన్నారు. పిల్ల వయసు, చోటు, ఒంటరిగా ఉన్న సమయం అన్నీ అవే. తల్లి ఎందుకు దూరంగా ఉందన్నది ఒక్కటే మార్చారు. ఒక కథలో ఆమెకి యాక్సిడెంట్ అయి స్పృహ తప్పింది, ఒక దాంట్లో ఆఫీసు పని, మరో దాంట్లో ప్రియుణ్ణి కలవడానికి వెళ్ళింది. తల్లి ఎక్కడికెళ్తే పిల్లకి అపాయం ఎందుకు మారాలి? కానీ మార్కులు మారాయి. యాక్సిడెంట్ కథకి తక్కువ, ప్రియుడి కథకి ఎక్కువ. తల్లి మీద కోపం వస్తే అపాయం కూడా పెద్దదిగా కనబడుతుందన్నమాట. ఇంకో సంగతి కూడా తేలింది. తండ్రి పని మీద వెళ్ళాడంటే యాక్సిడెంట్‌తో సమానంగా చూసి వదిలేశారు. తల్లి పని మీద వెళ్ళిందంటే ఆ రాయితీ లేదు. మా గ్రూపులో తండ్రి ఊసు ఎందుకు రాలేదో నాకు అప్పుడు అర్థమైంది.

మీరు బోరుబావుల సంగతి ఎత్తారు కాబట్టి అది చూద్దాం. 2017 జూన్‌లో చేవెళ్ల మండలం ఇక్కారెడ్డిగూడలో పద్దెనిమిది నెలల పాప పడి చనిపోయింది. అదే ఏడాది ఆగస్టులో వినుకొండ దగ్గర ఉమ్మడివరంలో రెండేళ్ళ బాబుని దాదాపు 11 గంటలు కష్టపడి ప్రాణాలతో తీశారు. 2020 మేలో మెదక్ జిల్లా పొడ్చన్‌పల్లిలో మూడేళ్ళ బాబు పోయాడు. అక్కడ ఆ కుటుంబమే నీళ్ళ కోసం బోర్లు వేయించుకుంది, నీళ్ళు పడలేదు, ఆ గొయ్యి అలాగే ఉంది. పెద్దవాళ్ళు ఆ పొలంలోనే ఉన్నారు. పక్కన మనిషి ఉంటే పిల్లలు పడరని అనుకునేవాళ్ళు ఆ ఒక్క సంఘటన గుర్తుపెట్టుకుంటే చాలు. పిల్లాడి చేయి వదిలిన ఒక్క అంగలో అయిపోతుంది.

సుప్రీంకోర్టు 2010లో ఈ బోరుబావుల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. బోరు వేసేముందు 15 రోజుల ముందుగా అధికారులకి చెప్పాలి, వేసేటప్పుడు చుట్టూ ముళ్ళకంచె కట్టి బోర్డు పెట్టాలి, కేసింగ్ చుట్టూ సిమెంట్ దిమ్మె కట్టాలి, పైన స్టీలు పలక వెల్డింగ్ చేయించాలి, వదిలేసిన బోరుని మట్టితో, రాళ్ళతో అడుగు నుంచి పైదాకా పూడ్చాలి. ఇవన్నీ అమలవుతున్నాయో లేదో చూడాల్సిన బాధ్యత కలెక్టర్ మీద పెట్టింది. ఆ జాబితాలో ‘తల్లి కంటికి రెప్పలా చూసుకోవాలి’ అన్న మాట లేదు. తల్లులు చూసుకుంటారనీ, అయినా ఒక్కోసారి కన్ను తప్పుతుందనీ ఒప్పుకుని రాసినవే ఇలాంటి నియమాలు.

అమెరికాలోనూ ఇంతే. 2016 మేలో సిన్సినాటి జూలో మూడేళ్ళ బాబు గొరిల్లాల ఆవరణలో పడితే, హరాంబే అనే గొరిల్లాని కాల్చేయాల్సి వచ్చింది. తల్లిదండ్రుల మీద చర్య తీసుకోవాలని లక్షల మంది ఆన్‌లైన్‌లో సంతకాలు పెట్టారు. అక్కడి ప్రాసిక్యూటర్ విచారణ చూసి, తల్లి తన పిల్లల్ని చూసుకుంటూనే ఉందని, మూడేళ్ళ పిల్లాడు చటుక్కున జారుకున్నాడని చెప్పి, జూన్ 6న కేసు అక్కర్లేదన్నాడు. జూ వాళ్ళు మాత్రం కంచె ఎత్తు పెంచి, తాళ్ళ వల బిగించాకే ఆ ఆవరణని మళ్ళీ తెరిచారు. అది 1978 నుంచి ఉంది, 38 ఏళ్ళలో ఎప్పుడూ ఇలా కాలేదని చెప్పుకున్నది కూడా వాళ్ళే.

మరి తల్లిదండ్రులని ఎప్పుడూ ఏమీ అనకూడదా? ఎందుకనకూడదు? తాగి పిల్లాడిని బండి ముందు కూర్చోబెట్టుకుని నడిపేవాడిని, ఎండలో కారు అద్దాలు బిగించి పిల్లని లోపల వదిలి షాపింగ్‌కి వెళ్ళేవాళ్ళని, వీడియో కోసం పసివాణ్ణి డ్యామ్ గట్టు అంచున నిలబెట్టేవాళ్ళని నేనూ ఆపి అడుగుతాను. అపాయం కళ్ళెదుట ఉంది, ఎవరో హెచ్చరించారు కూడా, అయినా లెక్కచేయలేదు. అది వేరే. చట్టం కూడా ఇక్కడే గీత గీసింది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద పిల్లల్ని నిర్లక్ష్యం చేస్తే మూడేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ ఉన్నాయి గానీ, ఆ నిర్లక్ష్యం కావాలని చేసినదై ఉండాలి. బాత్రూం కడుగుతూ ఆలస్యమైన మనిషి దాని కిందికి రాదు.

ఇంకో ముక్క. రెండున్నరేళ్ళ పిల్లాడిని ఆమె ఎక్కడ వదలాలి? అంగన్‌వాడీలో ఆటపాటలకి కూర్చోబెట్టుకునేది మూడేళ్ళు నిండాకే. అంతకన్నా చిన్నవాళ్ళకి పోషకాహారం ఇంటికి ఇస్తారు. ప్రైవేట్ క్రెష్ ఫీజు ఆమె సంపాదనకి అందేది కాదు. బంగ్లాదేశ్ పల్లెల్లో పిల్లలు ఎక్కువగా ఇంటి పక్క చెరువులో, తల్లి పనిలో మునిగి ఉండే ఉదయం పూటే చనిపోతున్నారని గమనించి, ‘ఆంచల్’ అని ఊళ్ళోనే చిన్న చిన్న సంరక్షణ కేంద్రాలు పెట్టారు. ఊరావిడే ఒకరు ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఐదేళ్ళలోపు పిల్లల్ని చూసుకుంటుంది. అక్కడికెళ్ళే పిల్లల్లో నీళ్ళలో మునిగి చనిపోవడం బాగా తగ్గిపోయింది. ఆ తల్లులకి జాగ్రత్త గురించి క్లాసు పీకినందువల్ల వచ్చిన ఫలితం కాదది.

మా గ్రూపులో నేను సంపు మూత ఫోటో పెట్టి, దీనికి బందులు వేయించాల్సింది ఎవరు అని రాశాను. కాసేపు నిశ్శబ్దం. “నిజమే మేడం, బట్ తల్లికి కూడా...” అని ఒకాయన. ఆ ‘బట్’ని మనం అంత తేలిగ్గా వదలం. ఏమైతేనేం, ఆ వారంలోనే వెల్డర్ వచ్చాడు. బందులు, గొళ్ళెం, తాళం. ఏళ్ళుగా వాయిదా పడిన పని ఒక పూటలో అయిపోయింది, ఖర్చు ఫ్లాటుకి ఒక పిజ్జా పాటి కూడా పడలేదు. ఇప్పుడు తాళం చెవి ఉన్న మనిషి పక్కన నిలబడితేనే ట్యాంకర్ పైపు లోపలికి పోతుంది. రెండో అంతస్తు రిటైర్డ్ టీచరమ్మ పొద్దుటిపూట పిల్లాడిని తన దగ్గర కూర్చోబెట్టుకోవడం మొదలుపెట్టారు. అది ఎక్కువ కాలం సాగలేదు. గ్రూపులో ఏమేం అనుకున్నారో ఎవరో పిల్లాడి తల్లి చెవిన వేశారు, ఆ కుటుంబం వాళ్ళు దసరాకి ఊరెళ్ళి, వేరే కాలనీలో పని చూసుకున్నారు.

కాబట్టి ఈసారి అలాంటి వార్త చూసి కోపం వస్తే, మీ బిల్డింగ్‌లోనే ఒక చుట్టు తిరిగి రండి. సంపు మూతకి తాళం ఉందా? టెర్రస్ తలుపు గొళ్ళెం పిల్లల చేతికి అందేలా ఉందా? బాల్కనీ గ్రిల్ సందులో పిల్లాడి తల పడుతుందా? పక్క ఖాళీ ప్లాటులో పునాది గొయ్యి నీళ్ళతో నిండి ఉందా? ఉంటే ఓనర్‌కి ఫోన్ చేయండి, వినకపోతే మున్సిపాలిటీకి కంప్లయింట్ పెట్టండి. ఇక రోడ్డు మీద పసివాడు ఒంటరిగా కనబడితే ముందు వాడి పక్కన నిలబడండి. వాడు వచ్చిన దిక్కునే ఎవరో ఒకరు పరిగెత్తుకుంటూ వస్తుంటారు. ఎవరూ రాకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ ఎమర్జెన్సీ నంబర్ 112కి గానీ ఫోన్ చేయండి. ఆ తల్లి వచ్చాక వీడియో తీయకండి, పిల్లాడిని చేతికిచ్చి మంచినీళ్ళు ఇవ్వండి.