రొమాన్సె అంటే ప్రేమకథ కాదు

ప్రశ్న: హైదరాబాద్‌లో బీఏ స్పానిష్ రెండో ఏడాది చదువుతున్నాను. భాష బాగానే వస్తోంది. వచ్చే సెమిస్టర్ నుంచి సాహిత్యం పేపర్లు ఉంటాయి. ఆ పారిభాషిక పదాలు, ఉద్యమాల పేర్లు చూస్తేనే టెన్షన్‌గా ఉంది. తర్వాత ఎంఏ కూడా చేయాలనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: తెలియని పదం ఎదురైతే ఎవరైనా డిక్షనరీ తీస్తారు. తెలిసినట్టు కనిపించే పదానికి తీయరు. ఈ సబ్జెక్టులో చాలామంది దెబ్బతినేది అక్కడే.

‘రొమాన్సె’నే తీసుకోండి. ఇంగ్లిష్ అలవాటుతో ప్రేమకథ అనుకుంటారు. అదొక పద్యరూపం. పాదానికి ఎనిమిది సిలబుళ్లు, సరి పాదాల చివర అచ్చులు మాత్రమే కలిసే ప్రాస. మధ్యయుగాల నుంచి జనం నోళ్లలో పాటగా నడిచిన ఈ రూపాన్నే స్పెయిన్ కవి లోర్కా 1928లో తన జిప్సీ కవితలకు వాడుకున్నాడు.

‘మొదెర్నీస్మో’తో ఇంకా జాగ్రత్త. నికరాగ్వా కవి రుబెన్ దారియో 1888లో చిలీలోని వల్పరాయీసోలో ‘అసుల్’ ప్రచురించడంతో ఊపందుకున్న ఉద్యమమిది. ఫ్రెంచ్ కవుల ప్రభావం, పదాల నాదం, హంసలు, రాజోద్యానాలు దీని గుర్తులు. ఇంగ్లిష్ పేపర్లో చదివే ఎలియట్, జాయిస్‌ల మోడర్నిజంతో దీన్ని కలిపేస్తే జవాబు మొత్తం పక్కదారి పడుతుంది. ఆ మోడర్నిజానికి దగ్గరగా వచ్చేది 1920ల నాటి ‘వాంగ్వార్దియా’, అంటే పాత పద్ధతులను కాదన్న ప్రయోగవాద ఉద్యమాలు.

తరాల పేర్లను సంఘటనలతో కలిపి గుర్తుపెట్టుకోండి. 1898లో స్పెయిన్ అమెరికా చేతిలో ఓడి క్యూబా, ప్యూర్టోరికో, ఫిలిప్పీన్స్‌ను పోగొట్టుకుంది. మన దేశానికి ఏమైంది అన్న ఆవేదన స్పెయిన్ రచయితలు ఉనమునో, మచాదోల రచనల్లో వినిపిస్తుంది. వాళ్లది ‘98 తరం’. పాతకాలపు స్పానిష్ కవి గొంగొర చనిపోయి 300 ఏళ్లయిన సందర్భంగా 1927లో స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో కలిసిన యువకవుల పేరిట వచ్చింది ‘27 తరం’.

ఛందస్సు దగ్గర మాత్రం తీరిగ్గా కూర్చోండి. ‘మి అమోర్’ అని విడివిడిగా పలికితే మూడు సిలబుళ్లు. పద్యంలో ‘మి’లోని ఇకారం, ‘అమోర్’లోని అకారం కలిసి ఒకే సిలబుల్ అవుతాయి. ఇదే ‘సినలేఫా’. మన సంధి గుర్తొస్తుంది కదా! అయితే ‘రాముడు + అతడు = రాముడతడు’లో ఉకారం పోతుంది. ఇక్కడ రెండు అచ్చులూ వినిపిస్తాయి, లెక్కలోనే ఒకటవుతాయి. పైగా పాదం చివరి పదంలో ఊనిక ఆఖరి సిలబుల్ మీద పడితే సిలబుళ్ల లెక్కకు ఒకటి కలపాలి, చివరి నుంచి మూడోదాని మీద పడితే ఒకటి తీసేయాలి. చిన్నప్పుడు గురులఘువులు గుర్తించిన చెయ్యి మీది, వారంలో పట్టు దొరుకుతుంది.

ఎంఏకి హైదరాబాద్‌లోనే ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఉంది, ఢిల్లీలో జేఎన్‌యూ ఉంది. ఈలోగా స్పానిష్ భాషా సామర్థ్యానికి సర్టిఫికెట్ ఇచ్చే ‘డెలె’ పరీక్షలో బీ2 స్థాయి సాధించండి. అందులో సాహిత్యం అడగరు కానీ, ఆ స్థాయి భాష లేకుండా మూలం చదవడం కష్టం. అనువాదం, బోధన వైపు వెళ్లాలన్నా ఆ సర్టిఫికెట్ పనికొస్తుంది.

సెలవుల్లో ‘లాసరీయో దె తోర్మెస్’ చదవండి. 1554 నాటి చిన్న పుస్తకం, మిగేల్ దె సెర్వాంతెస్ వర్చువల్ లైబ్రరీలో ఉచితంగా దొరుకుతుంది. రచయిత ఎవరో చెప్పుకోలేదు. ఆకలితో ఒక యజమాని నుంచి ఇంకో యజమాని దగ్గరికి వెళ్లే కుర్రాడు తన కథ తనే చెప్తాడు. గుడ్డి యజమాని కూజాలోని ద్రాక్షసారాను వాడు గడ్డిపుల్లతో పీల్చే ఘట్టం దగ్గర ఆగి, మార్జిన్‌లో ‘నొవేలా పికారెస్కా’ అని రాసుకోండి. ఇలా బతుకుతెరువు కోసం తిప్పలుపడే పోకిరి తన కథ చెప్పుకునే నవలకు అదే పేరు.