మోకాలికి రెండో ఆపరేషన్ (రివిజన్) వేరే హాస్పిటల్‌లో అయితే నీ రిజిస్ట్రీకి ఎలా తెలుస్తుంది?

అమ్మా,

మీ యూనిట్‌లో మోకీళ్ల మార్పిడికి రిజిస్ట్రీ, అంటే ఎవరికి ఏం పెట్టారో, తర్వాత ఎలా ఉన్నారో రాసుకునే పట్టిక, పెడుతున్నానని రాశావు, చదివి నిజంగా సంతోషమేసింది. నువ్వు పంపిన ఫారం కూడా చూశాను. అంత పొడుగు వద్దు తల్లీ. ఓపీ రోజు పీజీ పిల్లలు అన్ని పేజీలు నింపరు, నింపినా సగం నుంచి కళ్లు మూసుకుని టిక్కులు కొట్టేస్తారు. ఒక్క పేజీ పెట్టు: పేషెంట్ ఎవరు, వయసెంత, కుడా ఎడమా, ఎందుకు చేశారు, ఎవరు చేశారు, ఏ తారీఖు, లోపల ఏం పెట్టారు. రెండు మోకాళ్లూ ఒకేసారి చేస్తే రెండు ఎంట్రీలు రాయాలి, రేపు చెడేది వాటిలో ఒకటే కావచ్చు కదా.

'లోపల ఏం పెట్టారు' అన్న చోటే అసలు పని ఉంది. కంపెనీ పేరొక్కటి రాస్తే దేనికీ పనికిరాదు. ఇంప్లాంట్ (లోపల పెట్టే కృత్రిమ కీలు) డబ్బాల్లో స్టిక్కర్లు వస్తాయి కదా, పైముక్కకి వేరు, కింద ప్లేటుకి వేరు, మధ్యలో ప్లాస్టిక్‌కి వేరు, సిమెంట్‌కి వేరు, ప్రతిదాని మీదా కేటలాగ్ నంబరూ, ఏ విడతలో తయారైందో చెప్పే లాట్ నంబరూ ఉంటాయి. కేస్ షీట్‌లో అంటించినవి రికార్డ్ రూమ్‌కి పోయాక ఎవరికీ దొరకవు, కొన్ని ఊడి పడిపోతాయి కూడా. అందుకే ఆపరేషన్ థియేటర్ (ఓటీ)లోనే, కుట్లు వేస్తుండగానే, సర్క్యులేటింగ్ సిస్టర్ (బయట తిరుగుతూ సామాన్లు అందించే నర్సు) ఒక సెట్ నీ పేజీ మీద అంటించి ఫోటో తీసేయాలి. ఆ సిస్టర్‌ని నీ టీమ్‌లో మనిషిగా చూసుకో, మీటింగ్‌కి పిలువు, రిపోర్ట్‌లో పేరు వెయ్యి. రిజిస్ట్రీ నిలబడేది ఆవిడ మీదే.

ఇంత చాదస్తం ఎందుకంటావేమో. డీప్యూ కంపెనీ వాళ్ల ఏఎస్ఆర్ అనే తుంటి ఇంప్లాంట్ సంగతి చదివే ఉంటావు, మెటల్ మీద మెటల్ రాసుకునే రకం. ఆస్ట్రేలియా రిజిస్ట్రీ 1999లో మొదలైంది, ఈ ఇంప్లాంట్‌కి రివిజన్లు ఎక్కువవుతున్నాయని 2007 నుంచే చెప్తూ వచ్చింది, కంపెనీ ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నది మాత్రం 2010 ఆగస్టులో, అప్పటికి 93,000 దాకా పెట్టేశారు. ఒక్కో సర్జన్ చేతిలో ఒకటీ రెండూ చెడితే 'నా ఖర్మ' అనుకుంటాడు, దేశం మొత్తం లెక్క ఒక్కచోట చేరితేనే తప్పు ఇంప్లాంట్‌దని బయటపడుతుంది.

మన దగ్గర పెద్ద చిక్కు పేషెంట్ మళ్లీ కనిపించకపోవడం. స్వీడన్ వాళ్లకి మోకాలి రిజిస్టర్ 1975 నుంచే ఉంది, మనిషికో పర్సనల్ నంబర్ ఉంటుంది, ఎక్కడ రివిజన్ చేయించుకున్నా, చనిపోయినా తెలిసిపోతుంది. మన పెద్దాయన నల్గొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో వస్తాడు, ఇచ్చేది కొడుకు నంబరు, ఆ కొడుకు సిమ్ మారుస్తాడు, నొప్పొస్తే ఈసారి కూకట్‌పల్లిలో ఇంకెక్కడో చూపించుకుంటారు. నీ షీట్‌లో మాత్రం ఆయన మోకాలు బ్రహ్మాండంగా ఉన్నట్టే లెక్క! రాని పేషెంట్‌ని బాగున్నవాళ్ల ఖాతాలో ఎప్పుడూ వెయ్యకు, 'తెలియదు' అని వేరే కాలమ్ పెట్టి అది కూడా రిపోర్ట్‌లో చూపించు. అడ్మిషన్ అప్పుడే కనీసం మూడు ఫోన్ నంబర్లు తీసుకో, ఒకటి ఊళ్లో ఉండే బంధువుది. ఆభా నంబర్ (ప్రభుత్వం ఇచ్చే హెల్త్ ఐడీ) ఉంటే అదీ రాసుకో. ఏడాదికోసారి ఫోన్ చెయ్యడానికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టించు, డ్యూటీ డాక్టర్లకి తగిలిస్తే జరగదు.

ఫోన్‌లో ఏమడగాలో కూడా ఆలోచించు. బయటి దేశాల ప్రశ్నలు తెలుగులోకి దించేస్తే సరిపోదు. కింద కూర్చుని లేవగలుగుతున్నారా, ఇండియన్ బాత్రూమ్ వాడుతున్నారా, బస్సు మెట్టు ఎక్కుతున్నారా, రాత్రి నొప్పికి మెలకువ వస్తోందా, ఇవి అడుగు. రివిజన్ అయిందా అనేది ఒక్కటే చూస్తే మోసపోతాం, ఎందుకంటే మన పేదవాళ్లు రెండో ఆపరేషన్‌కి డబ్బుల్లేక నొప్పి ఓర్చుకుని తిరుగుతారు, కాగితం మీద ఆ ఇంప్లాంట్‌కి మంచి పేరొస్తుంది.

కేసులు ఏరుకోవద్దు. మంచివి ఎక్కించి క్లిష్టమైనవి వదిలేస్తే అది రిజిస్ట్రీ కాదు. నెలకోసారి ఓటీ రిజిస్టర్‌తో నీ ఎంట్రీలు సరిచూడు. రెండు ఇంప్లాంట్లు పోల్చేటప్పుడు ఊరికే శాతాలు పక్కపక్కన పెట్టకు. కొత్త మోడల్ వయసులో ఉన్నవాళ్లకి పెడతారు, వాళ్లు ఎక్కువ తిరుగుతారు, పైగా సర్జన్ చెయ్యి ఇంకా అలవాటు పడలేదు, కొత్తది పెట్టి రెండేళ్లే, పాతది పెట్టి పదేళ్లు. అందుకే పెట్టిన కాలాన్ని లెక్కలోకి తీసుకోవాలి, వయసు, బరువు, సర్జన్ ఇవన్నీ సరిచెయ్యాలి. మంచి స్టాటిస్టీషియన్‌ని ఇప్పుడే కలుపుకో, చివర్లో కాదు.

కంపెనీ వాళ్లు సాఫ్ట్‌వేర్ ఫ్రీగా ఇస్తామంటే తీసుకోకు, డేటా హాస్పిటల్ చేతిలోనే ఉండాలి. ఎథిక్స్ కమిటీ పర్మిషన్, పేషెంట్‌కి అర్థమయ్యే తెలుగులో, ఉర్దూలో కన్సెంట్ ముందే సిద్ధం చేసుకో. ఏదైనా తేడా కనిపిస్తే పేపర్ అచ్చయ్యేదాకా ఆగకు, వైద్య పరికరాల వల్ల జరిగే నష్టాల మీద నిఘా పెట్టడానికి 2015లో మొదలైన మెటీరియోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఉంది, ఘజియాబాద్‌లోని ఫార్మకోపియా కమిషన్ నడుపుతుంది, వాళ్ల ఫారం నింపి పంపెయ్.

ముందు మీ యూనిట్‌లో ఆర్నెల్లు నడిపి చూడు, పక్క యూనిట్లని తర్వాత పిలువు. ఒక్క పేజీకి కుదించిన ఫారం ఓటీ సిస్టర్‌కి చూపించి, ఆవిడ ఏమన్నదో నాకు రాయి.