సింధూ, ఫ్రేములు లెక్కపెట్టే ముందు

అమ్మా సింధూ,

నీ డీఎం (గుండె వైద్యంలో పై చదువు) థీసిస్ టిమి ఫ్రేమ్ కౌంట్ మీదట, మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. గుండె రక్తనాళంలో డై (ఎక్స్‌రేలో కనిపించే ద్రవం) చివరిదాకా చేరేలోపు ఎన్ని బొమ్మలు, అంటే ఫ్రేములు, పడ్డాయో లెక్కపెట్టడమని మన ఇంట్లో అర్థమైంది నాకొక్కడికే. ఓ పూటంతా గర్వంగా తిరిగాను. రాత్రయ్యేసరికి టెన్షన్ పట్టుకుంది. క్యాథ్‌ల్యాబ్ (యాంజియోగ్రామ్ తీసే గది) టెక్నీషియన్ డాక్టరమ్మకు చెప్పేదేముందని నవ్వుకో, కానీ చదువు.

పద్ధతి నీకు తెలిసిందే. డై రక్తనాళం మొదట్లో రెండు అంచులూ తాకుతూ ముందుకు కదిలిన ఫ్రేమ్ దగ్గర మొదలు, చివరి గుర్తులోకి చేరిన ఫ్రేమ్ దగ్గర ముగింపు. ఎల్ఏడీ (గుండె ముందువైపు రక్తనాళం) మిగతావాటికంటే పొడుగు కాబట్టి దాని కౌంట్‌ను 1.7తో భాగించాలి. 1996లో గిబ్సన్ బృందం పెట్టిన ఈ లెక్క సెకనుకు 30 ఫ్రేములు తీసే ఎక్స్‌రే సినీ మీద కట్టింది. అక్కడే ఆగు.

నేను పనిచేసిన ఒకచోట రేడియేషన్ తగ్గించాలని సెకనుకు 15 ఫ్రేములకు మార్చారు. మంచి పనే. అప్పటికే ఓ కుర్ర డాక్టరు ఏదో మందు వాడితే ఫ్లో మెరుగవుతుందా అని చూస్తున్నాడు. మందుకు ముందు తీసిన రన్‌లన్నీ (డై పంపిన ప్రతిసారీ తీసే బొమ్మల వరస) పాత సెట్టింగ్‌వి, తర్వాతివి కొత్తవి. పాపం, కళ్లు పోయేలా లెక్కపెట్టాడు. లెక్కలో ఎక్కడా తప్పు లేదు. కౌంట్ సగానికి సగం పడిపోయింది! డిపార్ట్‌మెంట్‌లో స్వీట్లు పంచారు. సెకనుకు సగం బొమ్మలే తీస్తే సగమే వస్తాయని, రెండుతో గుణించాలని ఒక్కరికీ తట్టలేదు. బయటి ఎగ్జామినర్ స్క్రీన్ మూల ఉన్న అంకె చూసి, "ఫ్రేమ్ రేటెంత బాబూ?" అని అడిగాడు. గుణించి చూస్తే మందు చేసిందేమీ లేదు. ఆ పిల్లవాడు మధ్యాహ్నం భోజనానికి రాలేదు. వెతుక్కుంటూ వెళ్తే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నువ్వలా కూర్చోకూడదనే ఇంత రాస్తున్నాను.

నైట్రో (నైట్రోగ్లిజరిన్ మందు) సంగతి ఇంకా మోసం. ఇచ్చాక రక్తనాళం వెడల్పవుతుంది. కాలువ వెడల్పైతే నీళ్లు నెమ్మదించినట్టే డై నింపాదిగా పోతుంది, కౌంట్ పెరుగుతుంది. అంతమాత్రాన రక్తం తగ్గిందని కాదు. ఫ్రేమ్ కౌంట్ వేగం చెబుతుంది, ఎన్ని మిల్లీలీటర్లు పోయిందో చెప్పదు. అందుకే అందరికీ ఇచ్చాకైనా తీయి, ఇవ్వకముందైనా తీయి. కలిపావో, నా దగ్గరికి రాకు.

గుండె వేగంగా కొట్టుకుంటే కౌంట్ తగ్గుతుంది. డయాస్టోల్ (గుండె సడలే దశ) మొదట్లో సిరంజితో డై కొట్టినా తగ్గుతుంది. డై గట్టిగా కొట్టినా కొంచెం తగ్గుతుంది. చేత్తో కొట్టే డై రోజుకో రకంగా ఉంటుంది, ఒప్పుకోరు గానీ. క్యాథటర్ (డై పంపే సన్నగొట్టం) లోతుకెళ్లి ప్రెజర్ డ్యాంపైతే (స్క్రీన్ మీద ప్రెజర్ గీత అణిగిపోతే) ఆ రన్ లెక్కలోకి తీసుకోకు. హార్ట్ రేటు, బీపీ, నైట్రో, ఫ్రేమ్ రేటు, ఈ నాలుగూ ఆ రోజే రాసెయ్యి. నెల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఇవన్నీ చూసుకోకుండా మాత్రం ఎవరి రిపోర్టులోనూ "స్లో ఫ్లో" అని రాయకమ్మా. బ్లాకులు లేవని ఊపిరి పీల్చుకున్న మనిషి ఆ రెండు మాటలు పట్టుకుని ఏళ్ల తరబడి మెట్లెక్కడానికి భయపడటం చూశాను.

థైరాయిడ్ కాలర్ (రేడియేషన్ తగలకుండా మెడకు కట్టుకునే పట్టీ) మెడ నొక్కేస్తోందని తీసేస్తున్నావట, మీ అమ్మ చెప్పింది. సైజు రాసి పంపు, తేలికది నేను కొనిస్తాను. మీ నాన్న బీపీ మాత్రలు మానేశాడు. నువ్వు చెప్తేనే వింటాడు.

ఇట్లు,
మీ బాబాయి