రంగం ఓడెక్కిన ముత్తాత ఏ కాగితంలో దొరుకుతాడు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఓడల సంగతులే ఎక్కువ. మూడింటికి ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. మా ముత్తాత రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళి బియ్యం మిల్లులో పనిచేశారని ఇంట్లో చెప్తారు. ఆయన ఎక్కిన ఓడ ప్యాసింజర్ లిస్టు కోసం ఒక వంశవృక్షాల సైటుకి డబ్బు కట్టి మరీ వెతికాను, ఏమీ రాలేదు. ఇంకెక్కడ చూడమంటారు?

జవాబు: ముందు ఆ సైటుకి డబ్బు కట్టడం ఆపేయండి. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక భాగం, కాబట్టి రంగూన్ వెళ్ళడమంటే సర్కారు లెక్కలో మద్రాసు వెళ్ళినట్టే. డెక్ టిక్కెట్టు కొనుక్కుని, లేదా కూలీల్ని కుదుర్చుకెళ్ళే మేస్త్రీ కొనిపెడితే, చాప చంకన పెట్టుకుని ఎక్కెయ్యడమే. దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కో ఫిజీకో ఒప్పంద కూలీలుగా వెళ్ళినవాళ్ళకి పేరు, తండ్రి పేరు, ఊరు రాసి రిజిస్టరు చేశారు గానీ రంగం దారిలో ఆ పద్ధతే లేదు. మన తీరం నుంచి అన్ని దేశాలకన్నా ఎక్కువమంది వెళ్ళింది అక్కడికే, పేర్లు మిగలనిదీ వాళ్ళవే. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు బాధేస్తుంది.

అందుకని ఓడ పేరు పక్కన పెట్టి, రేవు ఏదో తేల్చండి. మీ ఊరికి బారువ దగ్గర, పైకి వెళ్తే గోపాల్‌పూర్, కిందికి కళింగపట్నం, భీమిలి, విశాఖ. ఇంట్లో పెద్దవాళ్ళని "ఏ ఓడ?" అని అడిగితే ఎవరికీ గుర్తుండదు, "ఎలా ఎక్కాడట?" అని అడగండి. విశాఖలో ఓడ లోపలికి వచ్చి ఆగే హార్బరు 1933 అక్టోబరులో మొదలైంది, అందులోకి మొదట వచ్చింది సింధియా కంపెనీ ప్యాసింజర్ ఓడ జలదుర్గ. అంతకు ముందు ఓడ దూరంగా లంగరు వేసుకుని ఉంటే, ఒడ్డు నుంచి పడవల్లో కెరటాలు దాటించి తీసుకెళ్ళి ఎక్కించేవారు. కాబట్టి మీ నాయనమ్మగారు "పడవలో తీసుకెళ్ళారట, బట్టలన్నీ తడిసిపోయాయట" అంటే అది 1933కి ముందైనా కావాలి, లేదా వేరే రేవైనా కావాలి. గట్టు మీంచి నడిచి ఎక్కాడంటే 1933 తర్వాత విశాఖ అనుకోవచ్చు. ఒక్క మాటతో పదేళ్ళు ఇటో అటో తేలిపోతుంది.

ఇక కాగితాలు. రంగం డబ్బుతో ఊళ్ళో భూమి కొన్నారా అని కనుక్కోండి. కొని ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత దస్తావేజు నకలుకి దరఖాస్తు పెట్టండి. ఆ రోజుల దస్తావేజుల్లో కొన్నవాడి తండ్రి పేరు, కాపురం ఉండే ఊరు, చేసే పని రాయడం మామూలే. ఆయన అక్కడుండగా ఇంట్లోవాళ్ళు కొంటే రంగూన్ ప్రస్తావన రావచ్చు. మనియార్డరు రసీదులు, గోడ మీది పాత ఫొటో వెనక స్టూడియో ముద్ర, ఇవి కూడా వదలొద్దు. జిల్లా పేరు దగ్గర జాగ్రత్త. సోంపేట 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా గంజాం జిల్లాలో ఉండేది, తర్వాత విశాఖపట్నం జిల్లాలోకి వచ్చింది, శ్రీకాకుళం జిల్లా పుట్టింది 1950లో. అంతకుముందు రికార్డుల్లో శ్రీకాకుళం జిల్లా అని వెతికితే ఖాళీ చేతులతో తిరిగొస్తారు.

ఆయన ఎప్పుడు తిరిగొచ్చారో కూడా అడగండి. 1930 మేలో రంగూన్ రేవులో మన తెలుగు కూలీల మీద దాడులు జరిగాయి, 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు ఊరి మీద బాంబులు వేశాక జనం అడవుల్లో, కొండల్లో పడి కాలినడకన వచ్చారు, 1960ల్లో అక్కడి ప్రభుత్వం దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేశాక ఓడల్లో వచ్చినవాళ్ళు వేరే. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు ఉంది చూశారా, అక్కడి పెద్దవాళ్ళతో ఒక పూట కూర్చోండి, మీ ఊరివాళ్ళు తగిలినా తగలొచ్చు. పాత ఆంధ్రపత్రిక సంచికలు ఏపీ ప్రెస్ అకాడమీ (ఇప్పుడు మీడియా అకాడమీ) ఆర్కైవ్స్‌లో స్కాన్ చేసి ఉన్నాయి. 1930, 1942 సంచికలు తిరగేయండి. మీ ముత్తాత పేరు రాకపోవచ్చు, ఆయన పడ్డ కష్టమైతే కళ్ళకు కడుతుంది.

ప్రశ్న: మాది తాళ్ళరేవు. డర్బన్ నుంచి ఒకావిడ మెసేజ్ పెట్టారు, వాళ్ళ ముత్తాత, అప్పడు అని పేరు, మా ఊరివాడేనట. మా ఇంటిపేరు, ఆవిడ ఇంటిపేరు కలవడం లేదు. చుట్టాలమా కాదా?

జవాబు: ఇంటిపేరు పట్టుకుని వెళ్తే ఎప్పటికీ తేలదు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ నేటాల్ రేవు డర్బన్ చేరింది మొదలు 1911 దాకా నేటాల్ వెళ్ళిన 1,52,184 మందికీ ఓడల రిజిస్టర్లు ఉన్నాయి, అయితే వాటిలో మన ఇంటిపేరు రాసే గడే లేదు. అప్పడు అన్న పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చో గాయమో, అంతే. తర్వాతి తరాల్లో ఆ అప్పడో, నాయుడో అక్కడ ఇంటిపేరుగా స్థిరపడిపోయింది.

ఆవిడని ముందు కలోనియల్ నంబరు అడగండి. ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చారు, పిల్లల జనన, వివాహ సర్టిఫికెట్ల మీద కూడా అది కనిపిస్తుంది. నంబరుంటే రిజిస్టర్లో ఆ ఒక్క వరస బయటికొస్తుంది. వచ్చాక ఊరి పేరు కళ్ళతో చదవకండి, పైకి చదవండి. మన యాస తెలియని గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా ఇంగ్లీషులో రాసుకున్నాడు, మీ ఊరివాళ్ళు పైకి చదివి వింటే చప్పున గుర్తుపడతారు. జిల్లా దగ్గర గోదావరి అని మాత్రమే ఉంటుంది, తూర్పుగోదావరి 1925లో గానీ రాలేదు. ఓడ మద్రాసు నుంచి బయల్దేరిందని రాసుంటే కంగారు పడొద్దు, మీ ఊరి మనిషైనా ఎక్కింది అక్కడే. తండ్రి పేరు, కులం, గ్రామం మూడూ కలిస్తే అప్పుడు మీ ఇంట్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి అడగండి. రెండే కలిస్తే చుట్టరికం ఒప్పేసుకోవద్దు, ఆవిడకి ఆశ పెట్టి తర్వాత కాదనడం చాలా బాధగా ఉంటుంది.

అన్నట్టు మీ ఊరికి పక్కనే యానాం. అక్కడ సంబంధాలు చేసుకున్న కుటుంబమైతే ఫ్రెంచివాళ్ళ జనన, మరణ, వివాహ రిజిస్టర్లు ఫ్రాన్సు ఓవర్సీస్ ఆర్కైవ్స్ సైట్లో ఉచితంగా చూడొచ్చు. మారిషస్ వెళ్ళినవాళ్ళ రికార్డులైతే అక్కడి మోకా అనే ఊళ్ళోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో, కొందరివి ఫొటోలతో సహా ఉన్నాయి.

ప్రశ్న: మా తాతగారు ఓడలో కళాసీ, రెండో యుద్ధంలో ఓడ మునిగి చనిపోయారు. ఆయన సీడీసీ పుస్తకం (ఏ ఓడలో ఎప్పుడు పనిచేశారో రాసే నావికుడి పుస్తకం) చెదలు తినేసింది, ఒక్క పేజీ మిగిలింది. లాభం ఉందా? (కాకినాడ)

జవాబు: చాలా ఉంది. ఆ పేజీలో ఓడ పేరు పక్కన ఒక అంకె ఉంటుంది చూడండి, అది అఫీషియల్ నంబరు. ఒకే పేరుతో నాలుగు ఓడలుండొచ్చు, ఆ నంబరు మాత్రం ఒక్క ఓడకే. ఎక్కిన తేదీ, దిగిన తేదీ, చేసిన పని, పనితనానికీ నడతకీ "వెరీ గుడ్" అని కొట్టిన ముద్ర కూడా అదే వరసలో ఉంటాయి. ఆ నంబరుతో యుద్ధకాలపు క్రూ లిస్టులు లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో అడగొచ్చు.

దానికన్నా ముందు కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్లో వెతకండి, పైసా ఖర్చు లేదు. ముంబైలో ఇండియన్ సెయిలర్స్ హోమ్‌లో ఉన్న స్మారకంలో రెండో యుద్ధంలో పోయిన మన నావికులు 6 వేలమందికి పైగా ఉన్నారు. పేరు దొరక్కపోతే ఓడ పేరుతో, చనిపోయిన తేదీతో వెతకండి, స్పెల్లింగు ఎలా ఉంటుందో చెప్పలేం. మీ తాతగారి పేరు అక్కడ ఉంటే ఆ సైటు పేజీ ప్రింటు తీయించి ఇంట్లో పెట్టుకోండి.

సీడీసీలో మిగిలిన ఆ ఒక్క పేజీని లామినేషన్ మాత్రం చేయించకండి. పగటి వెలుతురులో రెండు వైపులా ఫొటో తీసి, ఎండ తగలకుండా దాచి, ఫొటో నాకు పంపండి. నంబరు చెదిరిపోయి చదవలేకపోతే, ఓడ పేరుతో, ఓడల వివరాలుండే పాత లాయిడ్స్ రిజిస్టర్లలో నేనే చూసి చెప్తాను.